బ్రేకు గొట్టంలో గాలిబుడగ

కోల్‌కతాలో పాత పసుపురంగు అంబాసిడర్ టాక్సీలో ముందు సీట్లో కూర్చుని ప్రయాణం చేసినవారు ఒక సంగతి గమనించి ఉంటారు. కూడలి ఇంకా యాభై అడుగుల దూరంలో ఉండగానే డ్రైవరు బ్రేకు పెడల్‌ను ఒకసారి గబుక్కున తొక్కి వదిలేస్తాడు. మళ్లీ తొక్కుతాడు. మూడోసారి తొక్కినప్పుడు బండి ఆగుతుంది. అదే బండి, అదే బ్రేకు, అదే కాలు. మరి మొదటిసారి ఎందుకు ఆగలేదు? మూడోసారి ఎందుకు ఆగింది?

అడిగితే "ఎయిర్ పట్టింది, తీయించాలి" అంటాడు డ్రైవరు. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపే ఈ పనిని ఇంగ్లీషులో బ్లీడింగ్ అంటారు. అంటే రక్తం కార్చడం! మన మెకానిక్కులు మాత్రం 'ఎయిర్ తీయడం' అనే అంటారు. నన్నడిగితే మనవాళ్ల మాటే సరైనది. బయటికి పోవలసింది గాలి. ద్రవం దానికి వాహనం మాత్రమే.

కోల్‌కతాకు ఈ పనితో అనుబంధం ఎక్కువ. నగరానికి ఉత్తరాన, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న ఉత్తరపారాలోని హిందూస్తాన్ మోటార్స్ కర్మాగారంలో అంబాసిడర్ తయారయ్యేది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడో శ్రేణి దీనికి మాతృక. 1950ల చివర మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలు నగరంలో తిరగరాదని 2008లో కలకత్తా హైకోర్టు ఇచ్చిన ఆదేశంతో పాత టాక్సీలు క్రమంగా తగ్గిపోతూ వచ్చాయి. కానీ ఇళ్లలో ముచ్చటపడి దాచుకున్న అంబాసిడర్లు, మోరిస్ మైనర్లు, అంతకన్నా పాత కార్లు ఈ నగరంలో తక్కువేమీ కాదు. స్టేట్స్‌మన్ పత్రిక 1960ల నుంచి నిర్వహిస్తూ వచ్చిన పాత కార్ల ర్యాలీలో అవన్నీ ముస్తాబై కనిపించేవి. వాటికి కావలసిన విడిభాగాల కోసం యజమానులు మల్లిక్ బజార్ దుకాణాల్లో గంటల తరబడి వెతుకుతారు. మెరుగుపెట్టిన రంగు, మెరిసే బంపరు అందరూ చూస్తారు. టన్నుకు మించిన ఆ బరువును ఆపే నాలుగు మీటర్ల సన్నని గొట్టాన్ని ఎవరూ చూడరు.

తొక్కితే ఏం జరుగుతుంది?

పాస్కల్ సూత్రం మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట పీడనం కలిగిస్తే అది ద్రవమంతటికీ, అన్ని దిశల్లోనూ సమానంగా ప్రసరిస్తుంది. పదిహేడో శతాబ్దపు ఈ సూత్రాన్ని కారు చక్రాలదాకా తీసుకువచ్చినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్. నాలుగు చక్రాలకూ ద్రవపీడన బ్రేకులతో 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు వెలువడింది. అంతకుముందు బ్రేకులు కడ్డీలతో, తీగలతో పనిచేసేవి. ఒక చక్రం ముందు పట్టి, మరొకటి ఆలస్యంగా పట్టి బండి పక్కకు లాగేసేది.

పాత అంబాసిడర్‌లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. పెడల్ ఒక లీవరు. కాలి బలాన్ని అది సుమారు అయిదు రెట్లు చేస్తుందనుకుందాం. మీరు 200 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 20 కిలోల బరువంతగా తొక్కితే, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌పై 1000 న్యూటన్లు పడతాయి. ఆ సిలిండర్ వ్యాసం 22 మిల్లీమీటర్లయితే దాని అడ్డుకోత వైశాల్యం 3.8 చదరపు సెంటీమీటర్లు. భాగహారం చేస్తే ద్రవంలో పీడనం సుమారు 26 వాతావరణ పీడనాలకు సమానమని తేలుతుంది. ఇదే పీడనం ప్రతి చక్రం దగ్గరా ఉన్న చిన్న సిలిండర్లలోకి చేరి, బ్రేకు షూలను డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది.

ఇదంతా సాగడానికి ద్రవం కుంచించుకుపోకూడదు. బ్రేకు ద్రవం 26 వాతావరణాల పీడనానికి వెయ్యింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువగా కుంచించుకుంటుంది. గొట్టాల్లో, సిలిండర్లలో కలిపి 150 ఘన సెంటీమీటర్ల ద్రవం ఉంటే తగ్గేది 0.2 ఘన సెంటీమీటరు. పెడల్ దగ్గర అది రెండు మూడు మిల్లీమీటర్ల కదలిక. కాలికి తెలియనే తెలియదు.

ఇప్పుడు అందులోకి 4 ఘన సెంటీమీటర్ల గాలి చేరిందనుకోండి. చిన్న చెంచాడు కూడా లేదు. బాయిల్ సూత్రం ప్రకారం పీడనం 27 రెట్లయితే (గాలిలో ముందే ఉన్న ఒక వాతావరణ పీడనాన్ని కూడా కలపాలి) ఆ గాలి 0.15 ఘన సెంటీమీటరుకు తగ్గిపోతుంది. ఖాళీ అయిన ఆ 3.85 ఘన సెంటీమీటర్లను నింపడానికి మాస్టర్ పిస్టన్ ఒక సెంటీమీటరు అదనంగా కదలాలి. పెడల్ దగ్గర అది అయిదింతలు, అంటే 5 సెంటీమీటర్లు! పెడల్ మొత్తం ప్రయాణమే 12, 15 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో మూడో వంతు ఆ చెంచాడు గాలి మింగేసింది. గాలి ఇంకాస్త ఎక్కువగా ఉంటే, బ్రేకు పట్టకముందే పెడల్ నేలను తాకుతుంది.

మరొక విశేషం ఉంది. పీడనం మొదటి మూడు వాతావరణాలు పెరగగానే ఆ బుడగ నాలుగో వంతుకు తగ్గిపోతుంది. అందుకే గాలి ఉన్న పెడల్ మొదట దూదిలా మెత్తగా దిగిపోయి, తర్వాత గట్టిపడుతుంది. మెకానిక్కు కాలితో ఒకసారి తొక్కి "ఎయిరే" అని చెప్పగలగడం వెనుక ఉన్నది బాయిల్ సూత్రమే అన్నమాట.

మరి టాక్సీ డ్రైవరు రెండు మూడుసార్లు తొక్కితే బ్రేకు ఎందుకు పట్టింది? పెడల్‌ను చటుక్కున వదిలినప్పుడు మాస్టర్ పిస్టన్ వేగంగా వెనక్కి వస్తుంది. దూరాన ఉన్న చక్రాల నుంచి ద్రవం అంత వేగంగా తిరిగిరాలేదు. పిస్టన్ ముందు పీడనం తగ్గుతుంది. అప్పుడు పైనున్న డబ్బాలోని ద్రవం రబ్బరు కప్పు అంచును దాటి లోపలికి జారుతుంది. తర్వాతి తొక్కుడు ఆ అదనపు ద్రవంతో మొదలవుతుంది. ఇది అప్పు తెచ్చుకున్న ద్రవం. కొన్ని క్షణాలు ఆగితే చిన్న రంధ్రం గుండా మళ్లీ డబ్బాలోకి వెళ్లిపోతుంది. రోడ్డు మీదికి హఠాత్తుగా ఒక పిల్లవాడు పరుగెత్తుకొస్తే మూడుసార్లు తొక్కే వ్యవధి ఎక్కడుంటుంది?

పెడల్ కిందికి దిగిన ప్రతిసారీ గాలిదే తప్పనుకోకూడదు. బాగా కిందికి దిగినా, దిగినచోట రాయిలా గట్టిగా ఉంటే షూలు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయని అర్థం. వాటిని సర్దాలి. కాలు అలాగే అదిమి ఉంచినప్పుడు పెడల్ మెల్లగా కుంగుతూ పోతుంటే ఎక్కడో ద్రవం కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పు చెడిపోయింది. ఆ స్థితిలో ఎంతసేపు ఎయిర్ తీసినా వృథా శ్రమే. బండిని కదపనే కూడదు. పాత కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ద్రవమార్గం. ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి.

పైకి రాని బుడగ

గాలి తేలిక కదా, దానంతటదే పైకి తేలి డబ్బాలోంచి బయటికి రావచ్చు కదా అని మీకు సందేహం రావాలి. రాకపోవడానికి కారణం చూడాలంటే చిన్న ప్రయోగం చేయండి. మందుల దుకాణంలో సెలైన్ ఎక్కించే కొత్త గొట్టం దొరుకుతుంది. దాని లోపలి వ్యాసం సుమారు 3 మిల్లీమీటర్లు. ఒక అడుగు ముక్క కత్తిరించి, నీటితో నింపి, మధ్యలో ఒక సెంటీమీటరు పొడవున గాలి ఉండేలా చూసి, రెండు చివరలనూ వేళ్లతో మూసి నిలువుగా పట్టుకోండి. బుడగ కదలదు! తాపీమేస్త్రీలు మట్టం చూడటానికి వాడే లావుపాటి గొట్టంలో ఇదే చేస్తే బుడగ చకచకా పైకి పాకుతుంది.

బుడగ పైకి వెళ్లాలంటే దాని పైనున్న ద్రవం కిందికి దిగాలి. దిగడానికి దారి బుడగకూ గొట్టం గోడకూ మధ్యనున్న సన్నని పొర ఒక్కటే. గొట్టం ఇరుకైనప్పుడు తలతన్యత బుడగను గోడకు అదిమి ఆ పొరను దాదాపు మూసేస్తుంది. 1961లో ఎఫ్.పి. బ్రెథర్టన్ అనే శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. నీటికి ఆ హద్దు సుమారు 5 మిల్లీమీటర్ల వ్యాసం. తలతన్యత తక్కువగా ఉండే బ్రేకు ద్రవానికి అది మూడు, మూడున్నర మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. కార్లలో సాధారణంగా వాడే బ్రేకు గొట్టం లోపలి వ్యాసం కూడా ఇంచుమించు అంతే! కాబట్టి ఆ గొట్టంలో చిక్కిన బుడగ నెలల తరబడి అక్కడే కూర్చుంటుంది. ద్రవం కదిలితేనే, రైలుపెట్టెల మధ్య ఇరుక్కున్న పెట్టెలా తానూ కదులుతుంది.

వెడల్పైన చోట్ల కథ వేరు. చక్రం దగ్గరి సిలిండర్‌లో, గొట్టాలు చీలే కూడలిలో బుడగ పైకి తేలుతుంది. నెమ్మదిగా పారే ద్రవం దాని కిందనుంచి జారిపోతుంది. ఎయిర్ తీసే పద్ధతులన్నీ ఈ రెండు రకాల చోట్లతోనూ వేగవలసినవే.

చాపో, ధొరో, ఛాడో

అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ నమ్మదగినది ఇద్దరు మనుషుల పద్ధతి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. మరొకరు చక్రం వెనుక పడుకుని నిపిల్ విప్పాలి. నిపిల్ అంటే వీల్ సిలిండర్‌కు పైభాగాన బిగించిన, మధ్యలో రంధ్రం ఉన్న మర. దానికి ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొనను గాజు సీసాలో కొంచెం పోసిన శుభ్రమైన బ్రేకు ద్రవంలో ముంచి ఉంచాలి. బండి కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టాలి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరకూడదు. గట్టి స్టాండు ఉండి తీరాలి.

కింద పడుకున్న బెంగాలీ మేస్త్రీ "చాపో" అంటాడు, అంటే తొక్కు. లోపలివాడు నిదానంగా తొక్కుతాడు. నిపిల్ అర చుట్టు విప్పగానే ద్రవం, దానితో బుడగలు సీసాలోకి వస్తాయి, పెడల్ కిందికి పోతుంది. "ధొరో", అలాగే పట్టుకో. నిపిల్ బిగిస్తాడు. ఆ తర్వాతే "ఛాడో", వదిలెయ్. ఈ క్రమంలోనే అంతా ఉంది. నిపిల్ బిగించకముందే కాలు తీస్తే, బయటికి వచ్చినదంతా వెనక్కి పోవడమే కాక నిపిల్ మరల సందుల్లోంచి కొత్త గాలి కూడా దూరుతుంది.

ఒక్కో తొక్కుడుకు బుడగ ఎంత దూరం వెళుతుందో లెక్క కడదాం. పెడల్ 10 సెంటీమీటర్లు దిగితే పిస్టన్ 2 సెంటీమీటర్లు కదులుతుంది, 7.6 ఘన సెంటీమీటర్ల ద్రవాన్ని తోస్తుంది. మూడున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వ్యాసం ఉన్న గొట్టంలో అది సుమారు 85 సెంటీమీటర్ల పొడవు. వెనుక చక్రానికి వెళ్లే గొట్టం 4 మీటర్లనుకుంటే, మాస్టర్ సిలిండర్ దగ్గరి బుడగ చివరికి చేరడానికే అయిదు తొక్కుళ్లు కావాలి. సిలిండర్‌లో ద్రవం కలగాపులగం అవుతుంది కాబట్టి ఆచరణలో పది, పదిహేను అవసరమవుతాయి. మూడు తొక్కుళ్లకు బుడగలు రాలేదని నిపిల్ బిగించేసి లేచిపోతే, బుడగ ఇంకా దారి మధ్యలోనే ఉందన్నమాట.

మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక సాధారణంగా వెనుక ఎడమ చక్రం ముందు, తర్వాత వెనుక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. బండితో వచ్చిన పుస్తకం వేరే వరస చెబితే దాన్నే పాటించాలి. మొదలుపెట్టే ముందు షూలను డ్రమ్ముకు దగ్గరగా సర్దుకుంటే సిలిండర్లలో ద్రవం పట్టే చోటు తగ్గి పని తేలికవుతుంది.

పాత బండికి మరో జాగ్రత్త కావాలి. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే భాగం నునుపుగా ఉంటుంది. ఎన్నడూ వెళ్లని చివరి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుంటాయి. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కితే రబ్బరు కప్పు ఆ తుప్పు మీదికి వెళ్లి చీరుకుపోతుంది. మరమ్మతుకు ముందు బాగున్న బ్రేకు మరమ్మతు తర్వాత చెడిపోవడానికి ఇదొక కారణం. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే సరిపోతుంది.

డబ్బాలో ద్రవం ఖాళీ కాకుండా చూడటం మూడో మనిషి పని. నేనొకసారి మిత్రుడి అంబాసిడర్‌కు ఎయిర్ తీస్తూ, సీసాలో బుడగలు ఆగిపోవడం చూసి మురిసిపోతూ డబ్బాను మరిచాను. మరో నాలుగు తొక్కుళ్లకు సీసాలో నురగ మొదలైంది. పైనుంచి గాలి తాగేసింది! నాలుగు చక్రాలకూ మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. మోరిస్ మైనర్‌లో ఈ పొరపాటు మరీ సులువు. దాని మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, నేలలో దాగి ఉంటుంది.

ఒక్కరే ఉన్నప్పుడు

సహాయానికి ఎవరూ లేకపోతే వేరే దారులున్నాయి. ఒకవైపే తెరుచుకునే చిన్న కవాటం ఉన్న గొట్టం వాడి ఒక్కరే తొక్కవచ్చు. మరల సందుల్లోంచి గాలి లాక్కునే ప్రమాదం మాత్రం మిగిలే ఉంటుంది.

చేతిపంపుతో నిపిల్ దగ్గర శూన్యం కల్పించి ద్రవాన్ని పీల్చే పద్ధతి ఇప్పుడు ప్రచారంలో ఉంది. ఎంత మంచి పంపయినా ఒక వాతావరణ పీడనానికి మించిన తేడా కల్పించలేదు. పైగా నిపిల్ మరల గుండా బయటి గాలి దూరి గొట్టంలో బుడగలు కనిపిస్తూనే ఉంటాయి. అవి లోపలి గాలి బుడగలో, బయటివో తేల్చుకోలేక సీసాల కొద్దీ ద్రవం పారబోసినవారున్నారు. వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు లోపలినుంచి వచ్చే పీడనానికి బిగుసుకునేలా తయారవుతాయి. లోపల శూన్యం ఏర్పడితే వాటి అంచులు వదులై అక్కడా గాలి దూరవచ్చు. పాత బండికి ఈ పద్ధతి నాకంత నచ్చదు.

దీనికి తిరగేసినది పైనుంచి తోసే పద్ధతి. డబ్బా మూతకు బదులు గొట్టమున్న మూత బిగించి, గాలి తగ్గించిన స్టెప్నీ టైరు నుంచి చదరపు అంగుళానికి 10, 15 పౌండ్ల పీడనం ఇస్తారు. ద్రవం ఎడతెగకుండా పారుతుంది, వెనక్కి రాదు. మూత సరిగా బిగియకపోతే మాత్రం ద్రవం ఇంజను మీదా, బానెట్ మీదా చిమ్ముతుంది. బ్రేకు ద్రవం పెయింటును తినేస్తుంది. పడినచోట వెంటనే నీళ్లు పోసి కడగాలి.

ఏమీ చేయకుండా నిపిల్ విప్పి సీసా పెట్టి కూర్చోవడం కూడా ఒక పద్ధతే! అర మీటరు ఎత్తునుంచి గురుత్వాకర్షణ తోసేది వాతావరణ పీడనంలో ఇరవయ్యో వంతు మాత్రమే. సన్నని గొట్టంలోని బుడగలు ఆ చుక్కల ప్రవాహంతోనే వచ్చేస్తాయి. వెడల్పైన చోట తేలి కూర్చున్నవి రావు. అలాంటి మొండి బుడగలకు సిరంజితో నిపిల్‌లోంచి పైకి ద్రవాన్ని ఎక్కించే పద్ధతి పనికొస్తుంది. గాలి పోవాలనుకునే వైపే మనమూ తోస్తున్నాం కదా. అయితే పాత ద్రవంలోని మడ్డి కూడా మాస్టర్ సిలిండర్‌లోకి వెళుతుంది కనుక ముందు దాన్ని పూర్తిగా మార్చాలి.

తేమ తెచ్చే ముప్పు

గాలి లేకుండా తీసేసినా కొన్నాళ్లకు బ్రేకు మళ్లీ మెత్తబడవచ్చు. ఈసారి దోషి నీరు. అందరూ 'బ్రేక్ ఆయిల్' అంటారు గానీ సాధారణంగా వాడేది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ మెల్లగా చేరుతుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. వర్షాకాలంలో కోల్‌కతా గాలిలో తేమ తరచు 80 శాతం దాటుతుంది. కిందటేడు మూత తీసిన డబ్బాను దాచి ఈ ఏడు వాడటం తప్పుడు పొదుపు.

నగరం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఈ ముప్పు అక్కడ బయటపడకపోవచ్చు. సెలవులకు అదే బండిలో డార్జిలింగ్ వెళ్లి తిరిగి దిగేటప్పుడు తెలుస్తుంది. సిలిగురి దాకా దిగే ఎత్తు దాదాపు 1900 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి 1500 కిలోల బండి ఆ దిగుడులో కోల్పోయే స్థితిజశక్తి సుమారు 2 కోట్ల 80 లక్షల జౌళ్లు. 20 డిగ్రీల వద్ద ఉన్న 80 లీటర్ల నీటిని మరిగించే స్థాయికి తేవడానికి అంత శక్తి చాలు. తక్కువ గేరులో దిగితే ఇంజను కొంత పంచుకుంటుంది. న్యూట్రల్‌లో దొర్లిస్తే భారమంతా డ్రమ్ముల మీదే. వేడికి ద్రవంలోని నీరు ఆవిరైతే, ఆవిరి కూడా గాలిలాగే కుంచించుకుపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. తిరుమల ఘాట్‌లోనైనా, అరకు దారిలోనైనా జరిగేది ఇదే. అందుకే ఏడాదికో, రెండేళ్లకో ద్రవమంతా మార్చాలి. ఎయిర్ తీసే పద్ధతిలోనే, సీసాలోకి కొత్త ద్రవం రంగు కనిపించేదాకా తొక్కితే చాలు.

పాత కార్లవాళ్లు చేసే ఘోరమైన తప్పు, ద్రవం తగ్గిందని ఇంజన్ ఆయిల్ పోయడం. ఖనిజ తైలానికి ఆ రబ్బరు కప్పులు ఉబ్బి, మెత్తబడి, సిలిండర్‌లో ఇరుక్కుపోతాయి. అప్పుడు కప్పులన్నీ, గొట్టాలన్నీ మార్చడం తప్ప మార్గం లేదు. సిలికోన్‌తో చేసిన డాట్ 5 తేమ పీల్చదు, పెయింటు తినదు. కానీ మామూలు ద్రవంతో కలవదు, గాలిని కూడా కొంత కరిగించుకుంటుంది.

పని ముగిశాక నిపిళ్లన్నీ బిగించి, తడి తుడిచి, కాలితో గట్టిగా అదిమి ఒక నిమిషం ఉంచాలి. పెడల్ ఎక్కడుందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఒక్కసారి తొక్కినా, మూడుసార్లు తొక్కినా అదే ఎత్తున ఆగాలి. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లవారి ఇంజను తీయకముందే మళ్లీ ఒకసారి, ఒక్కసారే, తొక్కి కొలవండి. చక్రాల లోపలివైపు చేత్తో తడిమి తడి లేదని చూసుకోండి. కొలత మారకపోతే బండిని ఖాళీ స్థలంలో నడకవేగంతో ముందుకు పోనిచ్చి ఆపి చూడండి. మారితే నిపిల్‌కు గొట్టం మళ్లీ తొడగవలసిందే.